హరికథకు అంకితమైన జీవితము – బమ్మెర పోతన

కథ చెప్పుట సులభమని లోకము తలచును. నోరున్న ప్రతివాడును ఏదో ఒక కథ చెప్పుచునే యుండును. కాని శ్రీమద్భాగవతమును తెరచి చూచినచో కథ చెప్పుట ఎంత బరువైన కార్యమో తెలియును. ఆ పురాణమంతయు ఒకరు చెప్పగా మరియొకరు వినుటయే. నైమిశారణ్యమున శౌనకాది మహర్షులకు సూతుడు చెప్పుచున్నాడు. ఆ సూతుడు, గంగాతీరమున శుకబ్రహ్మ పరీక్షిన్మహారాజునకు చెప్పుచుండగా వినినవాడు. శుకునకు చెప్పినవాడు తండ్రియైన వ్యాసుడు. వ్యాసునకు ఉపదేశించినవాడు నారదుడు. ఈ పరంపరలో ఎవ్వరును కథ తనదని చెప్పుకొనలేదు. తాను ఎవరివలన వినెనో ప్రతివాడును తెలిపెను.

భాగవతము పుట్టుటకు కారణము కూడ కథకుని బాధ్యతయే. వేదములను విభజించి, మహాభారతమును రచించిన తరువాతను వ్యాసభగవానునకు మనశ్శాంతి కలుగలేదు. సరస్వతీ నదీతీరమున చింతాక్రాంతుడై కూర్చున్న ఆ మహర్షి యొద్దకు నారదుడు వచ్చెను. ధర్మార్థములను విస్తరించి చెప్పినంతగా వాసుదేవుని మహిమను చెప్పలేదని ఆయన లోపమును ఎత్తి చూపెను. జనులు స్వభావముచేతనే కోరికలయందు ఆసక్తులు. అట్టివారికి కామ్యకర్మములనే ధర్మమని చెప్పినచో, పెద్దలు చెప్పినారు గదా యని వారు అచ్చటనే నిలిచిపోవుదురు. తరువాత ఎవరు వలదన్నను వినరు. చెప్పినవాని మాటను లోకము ప్రమాణముగా గ్రహించును. కావున వినినవాడు దారి తప్పినచో చెప్పినవానికిని అందు పాలుండును. వ్యాసునంతటి వానికి ఈ మాట చెప్పవలసివచ్చిన దనగా, సామాన్యులైన కథకులు ఎంత జాగరూకులై యుండవలెనో ఊహింపవచ్చును.

ఇక ఆ కథను వినిన పరీక్షిత్తు ఎట్టి శ్రోత? ఏడు దినములలో మరణము నిశ్చయమైనవాడు. అట్టివాని యెదుట కూర్చుండి ప్రగల్భములు పలుకుటకు వీలులేదు. కాలక్షేపమునకు కల్పనలు చెప్పుటకు వీలులేదు. వాని మిగిలిన కాలము చెప్పువాని చేతిలో నున్నది. ఆలోచించినచో ప్రతి శ్రోతయు పరీక్షిత్తే. ఎవని ఆయువైనను ఈ ఏడు వారములలోని ఏదో యొక దినమున తీరవలసినదే. ఈ ఎఱుకతో కథ చెప్పినవాడే భాగవతకథకుడు. తెలుగు దేశమున అట్టి కథకుడు బమ్మెర పోతన.

పోతన క్రీస్తుశకము 15వ శతాబ్దమువాడు. కౌండిన్య గోత్రుడు, ఆపస్తంబ సూత్రుడు. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. ఈ వివరములు ఆయన తన గ్రంథముననే చెప్పుకొనెను. ఇంటిపేరును తెలుపు బమ్మెర గ్రామము ఓరుగల్లు సీమలో పాలకుర్తికి చేరువనున్నది. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండిన ఆ గ్రామము, 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనతో జనగామ జిల్లాలో చేరినది. కడప మండలములోని ఒంటిమిట్టయందు పోతన నివసించెనని ఆ సీమవారి విశ్వాసము. అచ్చటి కోదండరామాలయమునకు పోవు భక్తులు ఆయనను కూడ స్మరించుచుందురు.

ఆయన పుట్టిన కుటుంబము శివభక్తి కలది. తల్లి లక్కమాంబ సదాశివుని పాదములను అర్చించిన సాధ్వి యని ఆయనయే వర్ణించెను. తొలి రచనగా చెప్పబడు వీరభద్రవిజయము శైవకావ్యము. దానికి ప్రేరకుడైన గురువు ఇవటూరి సోమనారాధ్యుడు. బమ్మెరకు ఇరుగునే యున్న పాలకుర్తి, బసవపురాణమును ద్విపదలో చెప్పి సామాన్యజనుల నోళ్లయందు నిలిపిన పాల్కురికి సోమనాథునితో పేరుగాంచిన ఊరు. భక్తుల కథను భక్తులకు అర్థమగు మాటలలో చెప్పు సంప్రదాయము ఆ నేలకు పోతన పుట్టుటకు ముందే అలవడియున్నది. ఆ నేలపై శివకథలు వినుచు పెరిగిన బాలుడు, పెద్దవాడై హరికథకు వాహకుడయ్యెను. ఆయన మనస్సులో శివకేశవులకు భేదము లేకపోవుట ఈ పెంపకము యొక్క ఫలమే.

భాగవతరచనకు పూనుకొనిన విధమును కూడ ఆయనయే తెలిపెను. ఒకనాడు చంద్రగ్రహణ సమయమున గంగకు పోయి స్నానము చేసి, ఇసుకతిన్నెపై కూర్చుండి, అరమోడ్పు కన్నులతో మహేశ్వరుని ధ్యానించుచుండెను. అప్పుడు కన్నుల యెదుట నిలిచినవాడు సీతాసమేతుడైన శ్రీరామచంద్రుడు. తన పేర అంకితముగా భాగవతమును తెనిగింపుమనియు, దానివలన భవబంధములు తెగుననియు ఆనతిచ్చి ఆ స్వామి అంతర్హితుడయ్యెను. ధ్యానించినది మహేశ్వరుని, కనిపించినవాడు రాముడు, చెప్పుమన్నది కృష్ణకథ. ఇందు కవి తానై కోరుకొనిన దేదియు లేదు. కథ ఆయనకు ఒప్పగింపబడినది. ఒప్పగింపబడిన సొమ్మును ఎట్లు కాపాడవలెనో అట్లే కాపాడవలెనను భావము నాటి నుండి ఆయన జీవితమును నడిపించినది.

ఈ భావమువలన రెండు గుణములు ఆయనయందు స్థిరపడెను. మొదటిది వినయము. పలికెడిది భాగవతమనియు, పలికించువాడు రామభద్రుడనియు ఆయన మొట్టమొదటనే ప్రకటించెను. భాగవతము సంపూర్ణముగా తెలియుట శివునకును బ్రహ్మకును కూడ దుష్కరమని ఒప్పుకొని, పండితుల వలన తెలిసికొనినది, తన బుద్ధికి అందినది మాత్రమే స్పష్టపరతునని హద్దు గీచుకొనెను. అంతటి మహాకవి తన ఎఱుకకు హద్దు చెప్పుకొనుట సామాన్యము కాదు. నన్నయ, తిక్కన మొదలగు పెద్దలు భాగవతమును తెనిగింపక విడిచిరి గనుక తనకు ఈ భాగ్యము దక్కెననియు, అది తన పూర్వపుణ్యమనియు తలచెను గాని, వారు చేయలేనిది తాను చేసితినని గర్వపడలేదు.

రెండవది శ్రోతలయందలి దయ. కొందరు తేట తెలుగును మెచ్చుదురు, కొందరు సంస్కృతమును మెచ్చుదురు, మరికొందరు రెండింటిని మెచ్చుదురు. అందరిని మెప్పింతునని ఆయన సంకల్పించెను. ఇది పైకి కవిచమత్కారమువలె కనిపించినను, లోన కథకుని ధర్మము కలదు. వ్యాసుని మూలమున 12 స్కంధములు, 335 అధ్యాయములు, 18,000 శ్లోకములు కలవని ప్రసిద్ధి. శాస్త్రము చదివినవారే దానిని చదువగలరు. పొలము దున్నువానికి, వంటయింటిలోని ఇల్లాలికి, అక్షరములు దిద్దుకొను బాలునకు ఆ కథను అందించుట ఎట్లు? అర్థము తెలియకపోయినను చెవికి ఇంపుగా నుండి నోటికి పట్టునట్లు, తెలిసినకొలది లోతు కనిపించునట్లు పద్యమును కట్టుట ఒక్కటే మార్గము. పోతన పద్యములలోని శబ్దాలంకారములకు ప్రయోజనము ఇదియే. ఆయన పద్యము ముందు నాలుకపై నిలుచును, తరువాత మనస్సులోనికి దిగును.

మూలమును ఉన్నదున్నట్లు అనువదింపక, అచ్చటచ్చట తన భావనను చేర్చిన కవి పోతన. మరి ఒప్పగింపబడిన కథలో మార్పు చేయుట తగునా యను ప్రశ్న పుట్టును. అష్టమస్కంధములోని గజేంద్రమోక్షణమును పరిశీలించినచో సమాధానము దొరకును. మూలమున శ్రీహరి గరుడవాహనుడై, చక్రహస్తుడై సరస్సు వద్దకు వేగముగా వచ్చును. పోతన చెప్పిన కథలో ఏనుగు మొర చెవిని పడినంతనే స్వామి శ్రీదేవికి చెప్పడు, శంఖచక్రములను చేపట్టడు, గరుడుని సిద్ధపరచుకొనడు. ఉన్నవాడు ఉన్నట్లే పరుగెత్తును. ఆయన వెనుక లక్ష్మి, లక్ష్మి వెంట అంతఃపురజనము, ఆ వెనుక గరుడుడు, ఆయుధములు, తుదకు వైకుంఠములోని ఆబాలగోపాలము కదలివచ్చును. సరస్సు చేరువేళకు చక్రము స్వామి యొద్దకు వచ్చియే యున్నది. మొసలి శిరస్సును ఖండించినది ఆ చక్రమే. మూలములోని సంఘటన ఏదియు చెడలేదు. భగవంతుని దయకు ఆలస్యము లేదను మూలతాత్పర్యమే వేయిరెట్లు ప్రకాశించినది. కథకుడు చేర్చినది కథలోని సత్యమునకు సేవ చేయవలెను గాని దానిని కప్పివేయరాదను మర్యాద ఇచ్చట కనిపించుచున్నది.

ఆ ఘట్టముననే మరియొక విశేషము కలదు. బలము తగ్గి, ధైర్యము సడలిన గజరాజు మనస్సులో, దీనులయందు కలడని చెప్పబడు భగవంతుడు నిజముగా ఉన్నాడా లేడా యను సంశయము పొడమును. భక్తుని కథ చెప్పుచు భక్తుని సంశయమును కూడ పోతన దాచలేదు. దుఃఖములో నున్న శ్రోత ఆ పద్యమును వినునప్పుడు, తనకు కలిగిన సంశయము పాపము కాదనియు, అది శరణాగతికి ముందరి మెట్టనియు గ్రహించును. సంశయమును కప్పిపుచ్చి చెప్పినచో ఆ ఓదార్పు దొరికెడిది కాదు.

ఈ గజేంద్రుని కథను ఆశ్రయించుకొనియే పోతనను గూర్చి ఒక జనశ్రుతి పుట్టినది. శ్రీనాథకవి పోతనకు బావమరిది యనియు, ఒకనాడు ఆయన ఈ ఘట్టమును విని, ఆయుధము లేక పరుగెత్తిన దేవుడు మొసలిని ఏమి చేయగలడని పరిహసించెననియు చెప్పుదురు. పోతన అప్పుడు మారుపలుకలేదట. కొంతసేపటికి ఒక పెద్దరాయిని బావిలో పడవేసి, శ్రీనాథుని బిడ్డ బావిలో పడెనని కేకవేసెనట. శ్రీనాథుడు త్రాడును నిచ్చెనను వెదుకక బావివద్దకు పరుగెత్తెనట. బిడ్డ క్షేమముగా నున్నదని వెంటనే చెప్పి, బిడ్డయొక్క ఆపద వినిన తండ్రికి సాధనములు గుర్తుకు రాకపోవుట సహజమేగదా యని పోతన వివరించెనట.

ఈ బంధుత్వము ఇద్దరి కావ్యములయందును కనిపించదు. కావున దీనిని జనశ్రుతిగనే చెప్పవలెను. ఐనను ఇందు కథ యొక్క స్వభావమంతయు ఇమిడియున్నది. ఒక్క వాక్యము తండ్రి గుండెను చీల్చి, కాళ్లను పరుగెత్తించినది. బావిలో నిజముగా పడినది రాయి మాత్రమే. మాటకు ఉన్న బలము అంతటిది. అంతటి బలము కలది గనుకనే పోతన ఆ కల్పనను ఒక్క క్షణమునకు మించి నిలువనీయలేదు. తండ్రి బావిని చేరినంతనే నిజము తెలిపెను. కల్పనవలన కలుగవలసిన జ్ఞానము కలిగినది, భయము తొలగినది. నిజము చెప్పుటను ఆలసించియుండినచో అదే మాట క్రూరమైన అబద్ధమై యుండెడిది. జనులు ఈ కథను కల్పించియున్నను, కథకుని ధర్మమును తెలిసియే కల్పించిరని చెప్పవలెను.

దశమస్కంధములోని రుక్మిణీకల్యాణము కూడ వినికిడితో మొదలైన కథయే. విదర్భరాజపుత్రి శ్రీకృష్ణుని చూడలేదు. ఇంటికి వచ్చిన అతిథులు ఆయన రూపగుణములను కీర్తింపగా విని, ఆయననే భర్తగా వరించెను. అతిథులు చెప్పిన కథ అబద్ధమైనచో ఆమె జీవితము ఏమగును? వారు ఉన్నది ఉన్నట్లు చెప్పిరి గనుక ఆమె నమ్మకము ఫలించినది. ఆమె సందేశమును ద్వారకకు మోసికొనిపోయిన బ్రాహ్మణునకు మూలమున పేరు లేదు. పోతన ఆయనకు అగ్నిద్యోతనుడను పేరు పెట్టెను. ఆ బ్రాహ్మణుడు ఆమె మాటలను ఆమె చెప్పినట్లే విన్నవించి, తిరిగివచ్చి శుభవార్త చెప్పెను. మధ్యలో తనకై ఏదియు కోరలేదు. ఒకరి హృదయమును మరియొకరికి చేరవేయువాడు ఎట్లుండవలెనో చూపుటకు ఆయన చాలును. పేరులేని ఆ దూతకు పేరు పెట్టి గౌరవించిన కవి స్వయముగా అట్టి దూతయే.

సప్తమస్కంధములోని ప్రహ్లాదుని చరిత్రకు కూడ మూలము శ్రవణమే. హిరణ్యకశిపుడు తపస్సునకు పోయిన కాలమున ఇంద్రుడు అతని భార్యను చెఱపట్టి తీసికొనిపోవుచుండగా నారదుడు విడిపించి, తన ఆశ్రమమున నుంచి భాగవతధర్మములను బోధించెను. కాలక్రమమున తల్లి మరచెను. గర్భమున నున్న శిశువు మరువలేదు. ఆ శిశువునే గురువులు చండామార్కులు తమ శాస్త్రములతో మార్చజూచిరి. తండ్రి ఏనుగులతో, పాములతో, అగ్నితో మార్చజూచెను. లోకములను గెలిచిన రాక్షసరాజు, తన ఇంటిలోని బాలుడు వినిన ఒక్క కథను గెలువలేకపోయెను. ఎదుట కూర్చున్నవారిలో ఎవరు గ్రహించుచున్నారో చెప్పువానికి తెలియదు. నారదుడు తల్లికి చెప్పుచుండెను, బిడ్డ నేర్చుకొనెను. ఇంటిలో పెద్దలు మాటలాడుకొనునప్పుడును పసివారు ఇట్లే వినుచుందురు.

ఈ ప్రహ్లాదకథ నల్లగొండ, సూర్యాపేట సీమల భక్తులకు మిక్కిలి సన్నిహితము. పెద్దవూర నుండి తూర్పుగా కృష్ణాతీరము వెంట పోయినచో, కృష్ణా మూసీ సంగమమున వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి, ఇంకను ముందునకు పోయినచో మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి దర్శనమిత్తురు. ఆ సన్నిధులలో నిలిచిన గ్రామీణునకు స్తంభము, బాలుడు, ఉగ్రమూర్తి, పిదప శాంతించిన స్వామి కన్నులకు కట్టినట్లు తోచుటకు కారణము చాలవరకు పోతన పద్యములే. పూర్వము వీధిబడులలో ప్రహ్లాదచరిత్ర, గజేంద్రమోక్షము, రుక్మిణీకల్యాణము కంఠస్థము చేయించుట ఆచారముగా నుండెను. చదువురానివారికి యక్షగానములు, చిందు భాగవతుల ఆటలు ఆ కథలను చేర్చెను.

అదే పెద్దవూరకు పడమరగా దేవరకొండ దుర్గము కలదు. వాయవ్యమున, ఇంకను దూరముగా, రాచకొండ దుర్గము కలదు. 1323లో కాకతీయ సామ్రాజ్యము కూలిన తరువాత తలయెత్తిన రేచెర్ల పద్మనాయక ప్రభువులకు ఈ రెండును రాజధానులు. పోతన జీవితకథలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము ఈ ప్రభువులతోనే ముడిపడియున్నది. రాచకొండ ప్రభువైన సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతమును తనకు అంకితమిమ్మని కోరెననియు, పోతన నిరాకరింపగా కోపించి గ్రంథమును భూమిలో పాతిపెట్టించెననియు, శ్రీరాముడు స్వప్నమున కనిపించి హెచ్చరింపగా త్రవ్వి తీయించెననియు, అప్పటికే కొన్ని భాగములు చెదలుతిని నశించెననియు చెప్పుదురు. సరస్వతీదేవి కన్నీరు కార్చుచు ప్రత్యక్షము కాగా, ఆమెను ఎవ్వరికిని అమ్మనని కవి ఓదార్చెనని మరియొక కథ. 1940ల తొలినాళ్లలో వాహినీవారు నిర్మించిన భక్త పోతన చలనచిత్రము, చిత్తూరు నాగయ్య నటనతో, రాజు అడుగుటయు కవి నిరాకరించుటయు ఇంటింటికి తెలిసిన కథగా చేసినది.

ఇచ్చట భక్తులు ఒక క్షణము నిలిచి ఆలోచింపవలెను. ధనమునకును గ్రామములకును వాహనములకును ఆశపడి రాజులకు కావ్యమిచ్చుటకు ఇష్టపడక శ్రీహరికి సమర్పించితినని తెలుపు పద్యము భాగవతపు అవతారికలో ప్రసిద్ధమైయున్నది. ఆ పద్యమున ఏ రాజు పేరును లేదు. గ్రంథమును పాతిపెట్టించుట భాగవతమున ఎచ్చటను లేదు. పోతన ఒక ప్రలోభమును నిరాకరించెను గాని ఒక మనుష్యుని నిందింపలేదు. ఖాళీగా విడిచిన ఆ చోట తరువాతి జనులు ఒక పేరు నింపిరి.

ఆ పేరు కలవారు ఆ వంశమున ఒక్కరు కారు, పలువురు సింగభూపాలురు కలరు. రసార్ణవసుధాకరమను అలంకారశాస్త్రగ్రంథము రాచకొండ సింగభూపాలుని పేర వెలసినది. విశ్వేశ్వరకవి చమత్కారచంద్రిక ఆ ఆస్థానముననే పుట్టినది. శ్రీమద్వేదాంతదేశికులు సుభాషితనీవిని రచించి పంపినది ఈ వంశపు సింగభూపాలునకే యని శ్రీవైష్ణవ సంప్రదాయము. పోతన యౌవనమున భోగినీదండకమును సింగభూపాలుని పరముగా రచించెనని కొందరు పండితులు, అది ఆయనది కాదని మరికొందరు వాదించిరి. ఒక సంప్రదాయము ఆచార్యుల ఉపదేశమునకు పాత్రుడని కీర్తించిన పేరునే, మరియొక కథ భాగవతద్రోహి పేరుగా చేసినది. ఆరు శతాబ్దములుగా ఆ పేరు గల ప్రభువులకు తమ పక్షము చెప్పుకొనుటకు నోరు లేదు. కథకు గల బలము గ్రంథమును బ్రతికించినట్లే, చనిపోయినవాని కీర్తిని చంపను కూడ గలదు.

అట్లని ఈ జనశ్రుతిని చెప్పరాదని కాదు. దాని హృదయము సత్యమైనది. దైవమునకు ఇచ్చినది మరల మనుష్యునకు ఇచ్చుటకు వీలులేదను నీతి అందున్నది. నాగలి పట్టి జీవించెనే గాని పోతన కవిత్వమును అమ్ముకొనలేదని లోకము నమ్మినది. ఆ నమ్మకమునకు తగిన ఆధారము ఆయన పద్యముననే కలదు. ఐతే దానిని చెప్పునప్పుడు ఇది పెద్దలు చెప్పుకొను కథ, ఇది పోతన స్వయముగా చెప్పిన మాట యని రెండింటిని వేరుచేసి చెప్పుట చాలును. విన్నదానికిని తెలిసినదానికిని హద్దు గీచిన మహాత్ముని చరిత్రను, ఆ హద్దు చెరిపివేసి చెప్పుట ఆయనకు ప్రీతికరము కానేరదు.

ఈ మర్యాదను ఆయన గ్రంథమును పూరించినవారు చక్కగా పాటించిరి. నేడు లభించు తెలుగు భాగవతమున పంచమస్కంధము గంగనార్యునిది, షష్ఠస్కంధము ఏర్చూరి సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధములు వెలిగందల నారయవి. వారు కోరినచో తమ పద్యములను పోతన పేరుతోనే నడిపింపగలిగియుందురు. అప్పుడు వానికి మరింత ప్రఖ్యాతి కలిగెడిదేమో. వారట్లు చేయలేదు. ప్రతి స్కంధాంతమునను తమ తమ పేరులు చెప్పుకొనిరి. నారయ తాను పోతనామాత్యుని ప్రియశిష్యుడనని చెప్పుకొని ధన్యుడయ్యెను. ఏది గురువుగారిదో ఏది తమదో పాఠకునకు స్పష్టముగా తెలియజేసిరి. అందువలననే ఈనాడు పోతన పద్యమును పోతన పద్యముగా గుర్తింపగలుగుచున్నాము.

పోతనకు రాజాస్థానము లేదు. ఆయనకు కనకాభిషేకములు జరిగినట్లు ఎవ్వరును చెప్పరు. ఆయన వదలిపోయిన ఆస్తి తెలుగు భాగవతమే. అది శతాబ్దముల పాటు తాటియాకులపై వ్రాయబడి, పిదప అచ్చులో వెలువడి, తెలుగు మాట వినవచ్చు ప్రతిచోటికిని చేరినది. కష్టకాలమున గజేంద్రుని మొరను చదువుకొనువారు, వివాహము ఆలస్యమైన కన్యచేత రుక్మిణీకల్యాణమును పారాయణము చేయించువారు, పసివానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ప్రహ్లాదుని కథ చెప్పువారు నేటికిని కలరు. వారందరును ఆయన పరంపరలోనివారే. సూతుడు, శుకుడు, పోతన కూర్చున్న పీఠముననే వారును కొంతసేపు కూర్చుండుచున్నారు.

ఆ పీఠమున కూర్చున్న ప్రతి తల్లియు, ప్రతి తాతయు కొంచెము జాగ్రత్త పడవలసియున్నది. కథ చెప్పునప్పుడు పరులను హేళన చేయుటకు దానిని వాడరాదు. భయపెట్టిన కథను భయముతోనే విడువక, దాని శాంతి ఘట్టము వరకు చెప్పి బిడ్డను నిద్రపుచ్చవలెను. ఇది నిజముగా జరిగినదా యని బిడ్డ అడిగినప్పుడు, పురాణమున ఇట్లున్నది, పెద్దలు ఇట్లు చెప్పుదురు, నాకు తెలిసినది ఇంతవరకే యని చెప్పుటకు సంకోచింపరాదు. అట్లు చెప్పినంత మాత్రమున బిడ్డకు భక్తి తగ్గదు. ఇంటిలోని పెద్దల మాట నమ్మదగినదను విశ్వాసము కలిగి, ఆ విశ్వాసముతోనే హరికథను తాను పెద్దవాడైన తరువాత తన బిడ్డలకు అందించును. శ్రీరామచంద్రుని ఆనతిని శిరసావహించిన పోతనామాత్యుడు తెలుగు గృహములకు అప్పగించిపోయిన సొమ్ము ఇది. దానిని తరుగకుండ, కల్తీ కాకుండ కాపాడుకొను శక్తిని ఆ స్వామియే అందరికిని అనుగ్రహించుగాక.